పెద్ద కీబోర్డు కొంటున్నారా? భయం వద్దు
సందేహాలు - సమాధానాలు

కొత్తగూడెం, భద్రాచలం, మణుగూరు, ఇల్లందు వైపు పాఠకులు ఈసారి ఎక్కువగా వర్క్‌స్టేషన్ కీబోర్డుల గురించే రాశారు. లక్షల్లో పెట్టి కొనే వస్తువు, కొనేముందు వాయించి చూడాలంటే చాలామందికి హైదరాబాదో విజయవాడో వెళ్లక తప్పదు. అలాంటప్పుడు దిగులు సహజమే. ఒక్కో ఉత్తరానికి విడిగా జవాబిస్తున్నాను.

ప్ర: పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయించి కొంత డబ్బు కూడబెట్టాను. యమహా మాంటాజ్, కోర్గ్ నాటిలస్, రోలాండ్ ఫాంటమ్, ఈ మూడింట్లో ఏది కొనాలో తేలడం లేదు. తప్పు ఎంపిక చేస్తే ఇంత కష్టం వృథా అవుతుందేమో సార్.
- ఆర్కెస్ట్రా కళాకారుడు, కొత్తగూడెం

జ: ముందు స్థిమితపడండి, ఈ మూడింట్లో ఏది కొన్నా మీ కష్టం వృథా కాదు. 1988లో వచ్చిన కోర్గ్ ఎం1 టోన్లు, డ్రమ్ములు, ఎఫెక్టులు, సీక్వెన్సర్ అన్నీ ఒకే పెట్టెలో ఇచ్చి వర్క్‌స్టేషన్‌కు పేరు తెచ్చింది. అప్పటినుంచి మూడు కంపెనీలూ పోటీపడి మెరుగుపడ్డాయి. యమహాలో పియానోలు, ఎఫ్ఎం టోన్లు తేటగా పలుకుతాయి, నాటిలస్‌లో తొమ్మిది రకాల ధ్వని ఇంజన్లు ఉన్నాయి, రోలాండ్ స్ట్రింగ్స్, ప్యాడ్స్ నిండుగా ఉంటాయని వాయించేవాళ్లు ఇష్టపడతారు. టోన్లను తర్వాతైనా మార్చుకోవచ్చు, కొత్తవి ఎక్కించుకోవచ్చు, కానీ కీస్ స్పర్శను మార్చుకోలేరు. మీ సొంత హెడ్‌ఫోన్స్ తీసుకెళ్లి ఒక్కోదాన్ని అరగంటైనా వాయించి, వేళ్లు అలవోకగా కదిలినదాన్నే తెచ్చుకోండి.

ప్ర: భజన మండలిలో ఏళ్ల తరబడి హార్మోనియం వాయించాను. పిల్లలు ముచ్చటపడి 88 కీస్ కీబోర్డు కొనిచ్చారు. మెట్లు మరీ బరువుగా ఉన్నాయి, గంట వాయిస్తే వేళ్లు, ముంజేయి లాగుతున్నాయి. నా వయసుకు ఇది తగదా?
- భజన కళాకారుడు, భద్రాచలం

జ: వయసును తప్పు పట్టకండి, మీ చేతికి కొత్త పని వచ్చిందంతే. హార్మోనియంలో ధ్వని పెరగడం, తగ్గడం తిత్తి చూసుకుంటుంది. పియానోను పోలిన ఈ హ్యామర్ కీస్‌లో మాత్రం వేలు ఎంత వేగంగా దిగిందన్నదాన్ని బట్టి ధ్వని పెరుగుతుంది, అందుకే మీకు తెలియకుండానే గట్టిగా కొడుతున్నారు. సెట్టింగుల్లో వెలాసిటీ కర్వ్‌ను 'సాఫ్ట్'కు మార్చి, రోజుకు పావుగంట చొప్పున మొదలుపెట్టండి. మొదటి రెండు మూడు వారాలు కొద్దిపాటి లాగుడు మామూలే. వేళ్లు మొద్దుబారినా, రాత్రిపూట తిమ్మిరితో మెలకువ వచ్చినా, పట్టుకున్న వస్తువు జారిపోతున్నా వాయించడం ఆపి డాక్టరుకు చూపించండి.

ప్ర: మా బాబుకు తొమ్మిదేళ్లు. 88 బరువు కీస్ ఉన్నది కొనకపోతే వాడి చేయి పాడవుతుందని ఒకరు చెప్పారు. మాకు అంత స్తోమత లేదు. వాడి భవిష్యత్తు దెబ్బతింటుందా?
- ఓ తల్లి, మణుగూరు

జ: దిగులు పడకండమ్మా, మొదటి కొన్నేళ్లకు 61 కీస్ హాయిగా సరిపోతాయి. చూడవలసింది ఒక్కటే: మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా కొడితే గట్టిగా మోగాలి, దాన్నే టచ్ రెస్పాన్స్ అంటారు. యమహా పీఎస్ఆర్-ఐ500 లాంటి వాటిలో ఈ సదుపాయంతో పాటు మన భారతీయ టోన్లు, తాళాలు కూడా ఉన్నాయి. ఎంత గట్టిగా కొట్టినా ఒకేలా మోగే బొమ్మ కీబోర్డు మాత్రం వద్దు. బాబు ముందుముందు పాశ్చాత్య పియానో పరీక్షల వైపు వెళ్తే అప్పుడు బరువు కీస్ ఆలోచించవచ్చు. ట్రినిటీ సంస్థ ఎలక్ట్రానిక్ కీబోర్డుకు విడిగా కూడా పరీక్షలు పెడుతోంది.

ప్ర: దుకాణంలో విన్నప్పుడు పియానో టోన్ అద్భుతంగా ఉంది. తెచ్చి మా చర్చిలో పెడితే పలచగా, డబ్బాలో మోగినట్టు ఉంది. వేరే పీసు అంటగట్టారేమోనని అనుమానం.
- చర్చి కీబోర్డు వాద్యకారుడు, పాల్వంచ

జ: ఈ అనుమానం చాలామందికి వస్తుంది, చాలాసార్లు కీబోర్డులో ఏ లోపమూ ఉండదు. దుకాణంలో రెండు చెవులకూ స్టీరియోగా విన్నారు, చర్చిలో స్పీకర్లన్నీ బహుశా ఒకే మోనో లైన్‌పై నడుస్తున్నాయి. స్టీరియో పియానోలోని కుడి ఎడమలను ఒకటిగా కలిపితే కొన్ని ధ్వనులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, పలచబడటానికి కారణం అదే. కుడివైపు జాక్ తీసేసి, 'ఎల్/మోనో' అని రాసి ఉన్నదానికి ఒక్క వైరే పెట్టి, టోన్లలో మోనో పియానో ఉంటే దాన్ని ఎంచుకోండి. వేరే వైరు మార్చినా ఒకవైపు అసలు మోగకపోయినా, హెడ్‌ఫోన్స్‌లో కూడా గరగర వినిపించినా అప్పుడు సర్వీసు సెంటరుకు తీసుకెళ్లండి.

ప్ర: లక్షకు పైగా పెట్టి సింథసైజర్ కొన్నాను. తీరా చూస్తే ఎడమచేత్తో కార్డ్ పడితే తాళం, బేస్ వాటంతటవే వచ్చే స్టైల్స్ లేవు. నన్ను మోసం చేశారా?
- పెళ్లి బ్యాండు నిర్వాహకుడు, సత్తుపల్లి

జ: కంగారు పడకండి, ఇది మోసం కాకపోవచ్చు. యమహా మాంటాజ్, మోడెక్స్ లాంటి సింథసైజర్లలో స్టైల్స్ ఉండవు, వాటి బదులు ఆర్పెజియోలు, ప్యాటర్న్ సీక్వెన్సర్ ఉంటాయి. మీరు కోరుకున్నది అరేంజర్ కీబోర్డు: కోర్గ్ పీఏ వరుస, యమహా పీఎస్ఆర్-ఎస్ఎక్స్, జీనోస్ ఆ కోవలోవి. ఒక్కరే కూర్చుని పాటంతా నడపాలంటే అరేంజర్ సుఖం. డ్రమ్మర్, గిటారిస్టు పక్కన ఉంటే సింథసైజర్ మీకు ఎక్కువ స్వేచ్ఛ ఇస్తుంది. గడువు దాటకముందే బిల్లు, అట్టపెట్టెతో వెళ్లి మార్పిడికి వీలుంటుందేమో అడగండి.

ప్ర: భద్రాచలంలో సంగీతం నేర్చుకుంటున్నాను. కీబోర్డు మీద రామదాసు కీర్తనలు వాయిస్తే గమకం చచ్చిపోతుందని మా గురువుగారు కోప్పడ్డారు. కీబోర్డు వదిలేయాలా?
- సంగీత విద్యార్థిని, భద్రాచలం

జ: వదలనక్కర్లేదు, అయితే గురువుగారి మాటలో సత్యం ఉంది. రామదాసుగా పేరొందిన నేలకొండపల్లి గోపన్న కీర్తనలు గొంతులో పుట్టినవి. కీస్ మాత్రం స్వరాలను విడివిడిగా నిలబెడతాయి, ఒక స్వరం నుంచి మరొకదానికి జారడం వాటంతట వాటికి రాదు. ఆ జారుడును ఎడమచేతి పిచ్ బెండ్‌తో తీసుకురావాలి. సాధారణంగా అది పైకి రెండు, కిందికి రెండు అర్ధస్వరాల వరకు వెళ్లేలా అమర్చి ఉంటుంది, అవసరాన్ని బట్టి పెంచుకోవచ్చు. యమహాలో చక్రం, రోలాండ్‌లో పక్కకు తోసే లివర్, నాటిలస్‌లో జాయ్‌స్టిక్ ఉంటాయి కాబట్టి కొనేముందు ఆనందభైరవి లాంటి రాగంలో నాలుగు సంగతులు వాయించి ఏది చేతికి లొంగుతుందో చూడండి. కీర్తనను ముందు పాడి, తర్వాతే వాయించండి. పాడేటప్పుడు కూడా స్వరాలు మెట్లు మెట్లుగా వస్తున్నాయనిపిస్తే కొన్నాళ్లు కీబోర్డు పక్కనపెట్టి తంబురాతో సాధన చేయండి.

ప్ర: మా గాయని ఐదున్నర శ్రుతిలో పాడుతుంది. నేను ట్రాన్స్‌పోజ్ పెట్టి తెల్ల కీస్ మీదే వాయిస్తాను. తోటివాళ్లు నవ్వుతున్నారు. ఇది చేతకానితనమా?
- కీబోర్డు వాద్యకారుడు, మధిర

జ: ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, శ్రుతి మార్చుకునే హార్మోనియాలు కూడా ఉన్నాయి. ఐదున్నరకు ట్రాన్స్‌పోజ్‌ను మైనస్ నాలుగు దగ్గర పెడితే సరిపోతుంది. ఒక జాగ్రత్త మాత్రం కావాలి: తర్వాతి పాటకు దాన్ని సున్నాకు తేవడం మరిచిపోతే వేదిక మీద అంతా అపశ్రుతి అవుతుంది. పాటల చీటీలో ప్రతి పాట పక్కన శ్రుతి రాసుకోండి, ఇంట్లో మాత్రం వారానికొక పాటైనా ట్రాన్స్‌పోజ్ లేకుండా సాధన చేయండి.

ప్ర: హైదరాబాదులో సెకండ్ హ్యాండ్ కోర్గ్ క్రోనోస్ కొన్నాను. ఆన్ చేస్తే రెండు నిమిషాల దాకా పాట పలకదు. పాడైపోయిన దాన్ని కొన్నానా?
- ఓ పాఠకుడు, ఇల్లందు

జ: లేదు, క్రోనోస్‌కు అది మామూలే. 2011లో వచ్చిన ఆ కీబోర్డు లోపల నిజానికి ఒక కంప్యూటర్, డిస్కు నుంచి టోన్లన్నీ ఎక్కించుకోవడానికి ఆ సమయం పడుతుంది. కార్యక్రమానికి ముందే ఆన్ చేసి ఉంచండి. మధ్యలో ఆగిపోయినా, డిస్కు ఎర్రర్ చూపినా, ప్రతిసారీ సమయం పెరుగుతూ పోతున్నా చూపించాలి. అంతకంటే ముందు మీ టోన్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి.

ప్ర: నా దగ్గర పాత కోర్గ్ ట్రైటన్ ఉంది. కొత్త కీబోర్డుల వాళ్ల పక్కన నిలబడితే నాది వెలవెలబోతుందని భయం. అప్పు చేసి మార్చాలా?
- ఆర్కెస్ట్రా వాద్యకారుడు, ఖమ్మం

జ: అప్పు చేయాల్సినంత అవసరం కనిపించడం లేదు. 1999లో వచ్చిన ట్రైటన్‌లో ధ్వనుల నిల్వ 32 మెగాబైట్లే, మాంటాజ్‌లో అది 5 గిగాబైట్లు దాటింది. ఆ తేడా పియానో ఒంటరిగా మోగుతూ నెమ్మదిగా తగ్గే చోట, వయొలిన్ ఒంటరిగా పలికే చోట బాగా తెలుస్తుంది. డ్రమ్ములు, గిటార్లు హోరెత్తే పెళ్లి పందిట్లో బ్రాస్, ప్యాడ్స్ వాయిస్తుంటే అంతగా తెలియదు. ట్రైటన్ ధ్వనుల్ని ఇష్టపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నందువల్లే కోర్గ్ వాటిని సాఫ్ట్‌వేర్‌గా కూడా అమ్ముతోంది. కీస్ వదులై టకటకమని చప్పుడు చేస్తున్నా, స్క్రీన్ కనిపించకపోయినా అప్పుడు మార్పు గురించి ఆలోచించండి.

ప్ర: మొన్నటి వరదకు కీబోర్డును అటక మీద పెట్టి కాపాడుకున్నాం. తడవలేదు గానీ ఇప్పుడు కొన్ని కీస్ మెల్లగా నొక్కినా ఒక్కసారిగా పెద్దగా మోగుతున్నాయి. పనికిరాకుండా పోయిందా?
- ఓ పాఠకుడు, దుమ్ముగూడెం

జ: పోలేదు, ఇది తేమ కాలంలో తరచూ వచ్చే, బాగయ్యే సమస్య. ప్రతి కీ కింద రబ్బరు బుడిపెల్లో రెండు కాంటాక్టులు ఉంటాయి, మొదటిది తగిలాక రెండోది తగలడానికి పట్టిన సమయాన్ని బట్టి కీబోర్డు మీ వేలి వేగాన్ని లెక్కిస్తుంది. తేమ, దుమ్ము చేరి మొదటిది ఆలస్యంగా తగిలితే మీరు చాలా వేగంగా కొట్టారని పొరబడుతుంది. మెకానిక్ విప్పి శుభ్రం చేస్తే, లేదా రబ్బరు పట్టీ మారిస్తే సరిపోతుంది. తడి చెమ్మను లోపలే బంధించే ప్లాస్టిక్ కవరు బదులు నూలు గుడ్డ కప్పండి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన సంగతి మీకు తెలుసు, కాబట్టి 43 అడుగుల మొదటి హెచ్చరిక రాగానే కీబోర్డును ఎత్తుకు చేర్చండి. నిజంగా నీళ్లు లోపలికి వెళ్లి ఉంటే మాత్రం ఆన్ చేసి చూడకండి, అలాగే మెకానిక్ దగ్గరికి పంపండి.

ప్ర: జనరేటర్ మీద కార్యక్రమం చేస్తుంటే మైకు పెదవికి తగిలినప్పుడు జివ్వుమంటోంది, కీబోర్డు జాక్ పట్టుకున్నా అంతే. సౌండు వాళ్లు 'ఏం కాదులే' అంటున్నారు. నాకు భయంగా ఉంది.
- గాయకుడు, కీబోర్డు వాద్యకారుడు, అశ్వారావుపేట

జ: మీ భయం సరైనదే, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రెండు పిన్నుల అడాప్టర్ల నుంచి కొద్దిగా చిమచిమలాడటం కొన్నిసార్లు ఉంటుంది గానీ, జివ్వుమని కొట్టిందంటే జనరేటర్‌కో మిక్సర్‌కో ఎర్తింగ్ సరిగా లేదని అనుకోవాలి. వెంటనే వాయించడం ఆపి, ఎలక్ట్రీషియన్ పరీక్షించి ఎర్త్ కలిపాకే మళ్లీ మైకు ముట్టుకోండి. వాన తడి నేల మీద, చెప్పులు లేకుండా ఎట్టిపరిస్థితుల్లోనూ నిలబడకండి. పాట మధ్యలో ఆగిందని ఎవరు ఏమన్నా పట్టించుకోవద్దు.

ప్ర: వినాయక మండపంలో బ్లూటూత్ స్పీకరుకు కీబోర్డు కలిపి వాయించాను. నా వేలికి, ధ్వనికి పొత్తు కుదరలేదు, తాళం తప్పాను. నాకు లయజ్ఞానం పోయిందా?
- యువ వాద్యకారుడు, చర్ల

జ: మీ లయజ్ఞానానికి ఏమీ కాలేదు, ఆ ఆలస్యం బ్లూటూత్‌ది. ధ్వని గాలిలో మీటరుకు సుమారు మూడు మిల్లీసెకన్ల చొప్పున ప్రయాణిస్తుంది, అందువల్ల మూడు మీటర్ల దూరంలోని స్పీకరు నుంచి వచ్చే ఆలస్యం పది మిల్లీసెకన్ల లోపే ఉండి వేలికి తెలియదు. బ్లూటూత్‌లో అది వంద మిల్లీసెకన్లు దాటిపోవచ్చు, ఎంత పెద్ద విద్వాంసుడికైనా అక్కడ తాళం నిలవదు. స్పీకరుకు వైరుతో కలపండి. వైరు పెట్టినా ఆలస్యం ఉంటేనే కీబోర్డును చూపించాలి.

ప్ర: సస్టెయిన్ పెడల్ తొక్కి పియానో, స్ట్రింగ్స్ కలిపి వాయిస్తే ముందు పట్టిన స్వరాలు మధ్యలో తెగిపోతున్నాయి. కొత్త మోడెక్స్ అప్పుడే చెడిపోయిందా? కీ గట్టిగా నొక్కి పట్టినా టోన్ మారడం లేదు కూడా.
- ఓ పాఠకుడు, సారపాక

జ: రెండూ లోపాలు కావు, నిశ్చింతగా ఉండండి. ఒకేసారి మోగగల స్వరాలకు ఒక హద్దు ఉంటుంది, దాన్ని పాలిఫోనీ అంటారు. మోడెక్స్‌లో నమూనా ధ్వనులకు అది 128. ఒక్క కీ నొక్కినా పియానో, స్ట్రింగ్స్ పొరలన్నీ కలిసి నాలుగైదు స్వరాలుగా లెక్కకొస్తాయి, అందుకే సీట్లు నిండిన బస్సులో ముందు ఎక్కినవాళ్లు దిగక తప్పనట్టు పాత స్వరాలు దిగిపోతాయి. పెడల్‌ను కార్డ్ మారినప్పుడల్లా వదలండి, అనవసరమైన పొరలు తీసేయండి. నొక్కి పట్టాక ఇంకాస్త అదిమితే టోన్ మారే ఆఫ్టర్‌టచ్ సదుపాయం మాంటాజ్ కీస్‌లో ఉంది, మీ మోడెక్స్ కీస్‌లో లేదు. ఆ పని మాడ్యులేషన్ చక్రంతోనో ఫుట్ పెడల్‌తోనో చేసుకోండి. ఒకే టోన్, ఒకే స్వరం పట్టినా తెగిపోతుంటే అప్పుడు పెడల్‌ను, ఆ తర్వాత కీబోర్డును పరీక్షింపజేయండి.

ప్ర: మా కోయ డోలు చప్పుడును కీబోర్డులో ఎక్కించి పాటల్లో వాడాలని ఉంది. రెండుసార్లు ప్రయత్నిస్తే రేకు డబ్బాలా వచ్చింది. అసలు అది సాధ్యమేనా? పెద్దలు తప్పు పడతారేమో కూడా.
- ఓ యువకుడు, మణుగూరు మండలం

జ: తప్పకుండా సాధ్యం, మీ ఆలోచన కూడా మంచిది. సమ్మక్క-సారలమ్మల గాథలు పాడి 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు మీ మండలం వారే, ఆ ధ్వని విలువ మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫాంటమ్, నాటిలస్ నేరుగా రికార్డు చేసుకుంటాయి. మాంటాజ్, మోడెక్స్‌లకైతే బయట రికార్డు చేసిన వేవ్ ఫైలును పెన్‌డ్రైవ్‌తో ఎక్కించాలి. ఒకే దెబ్బను అన్నిటికీ వాడితే రేకు డబ్బాలాగే ఉంటుంది, కాబట్టి మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా కొట్టిన దెబ్బల్ని విడివిడిగా రికార్డు చేసి వేలి వేగాన్ని బట్టి పలికేలా అమర్చండి. వేల్పుల కొలువులో మోగే వాద్యం కనుక ముందు దాన్ని వాయించే డోలి పెద్దల అనుమతి అడగండి, వాళ్లు వద్దన్న దరువులను వదిలేయండి. పాట బయటికి వచ్చినప్పుడు డోలు వాయించినవారి పేరు వేయండి.

ప్ర: రాత్రంతా కార్యక్రమం చేసి వస్తే చెవుల్లో గుయ్‌మంటోంది. టోన్లలో తేడా కూడా సరిగా తెలియడం లేదు. చెవులు పోతాయా?
- ఆర్కెస్ట్రా వాద్యకారుడు, వైరా

జ: ఒక రాత్రి హోరుకు చెవులు అలసిపోవడం వల్ల ఇలా అవుతుంది, ఎక్కువసార్లు ఒక రోజులో తగ్గిపోతుంది. ఆ రోజు హెడ్‌ఫోన్స్ పెట్టకండి, టోన్లు సరిచేయకండి, కొత్త కీబోర్డు చూడటానికి అసలే వెళ్లకండి, ఎందుకంటే అలసిన చెవికి అన్నీ మొద్దుగానే వినిపిస్తాయి. స్పీకరుకు ఎదురుగా కాకుండా పక్కగా కూర్చుని, చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి. రెండు రోజులైనా తగ్గకపోయినా, ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోయినా, తల తిరిగినా ఆలస్యం చేయకుండా చెవి డాక్టరును కలవండి.

ప్ర: కీబోర్డును బస్సుల్లో, ఆటోల్లో మోసి నడుం పట్టేస్తోంది. తేలికది కొంటే సౌండు నాసిగా ఉంటుందని అంటున్నారు. ఏం చేయను?
- కీబోర్డు వాద్యకారుడు, బూర్గంపాడు

జ: బరువుకూ సౌండుకూ మీరు భయపడుతున్నంత సంబంధం లేదు. మాంటాజ్ 8 బరువు 29 కిలోలు, మాంటాజ్ 6 బరువు 15 కిలోలు, మోడెక్స్ 6 మాత్రం 6.6 కిలోలే. అయినా మాంటాజ్, మోడెక్స్‌లలో ధ్వని పుట్టించే పద్ధతులు ఒకే కుటుంబానివి. బరువులో ఎక్కువ భాగం కీస్ యంత్రాంగానిది, పెట్టెది. తేలికదానిలో మీరు వదులుకునేది ముఖ్యంగా ఆ స్పర్శనే. మీరు ఎక్కువగా వాయించేది స్ట్రింగ్స్, బ్రాస్, ఆర్గాన్ అయితే తేలిక కీసే చేతికి సుఖం, నిస్సంకోచంగా తీసుకోండి. పియానోయే ప్రధానమైతే ఇంట్లో సాధనకు బరువు కీస్ ఉన్న మామూలు డిజిటల్ పియానో, ప్రయాణానికి తేలిక కీబోర్డు ఉంచుకోవచ్చు. నొప్పి కాలిలోకి దిగినా, కాలు తిమ్మిరెక్కినా మోయడం ఆపి ముందు డాక్టరును కలవండి, కీబోర్డు ఎంపిక ఆ తర్వాత చూసుకుందాం.